గిద్దెడు గాలి

అల్ ఐన్ హ్యాంగర్లో తెల్లవారుజాము నాలుగున్నర.
జబల్ హఫీత్ ఇంకా చీకటి ముద్దే.
విమానం నెత్తిన, వేలెడంత స్టీలు గొట్టం.
దాని మూతికున్న టోపీ తీసి
ఎర్ర రిబ్బన్ జేబులో కుక్కుకున్నాను.
పన్నెండేళ్ళుగా ఈ దేశంలో నా పని గొట్టాలే:
ముందు మురుగువి, తరవాత ఏసీలవి,
ఇప్పుడు మబ్బుల పైవి.

మామూలుగా నేను కిందే ఉండిపోయేవాణ్ణి.
ఆపరేటర్ రాత్రి జ్వరంతో పడుకుంటే
డాక్టర్ హనీన్ అల్ కాబీ నా వైపు చూసి
"నాలుగో సీటు. పన్నెండు సీసాలు.
నేను చెప్పినప్పుడు తిప్పడమే" అంది.

పదకొండున్నర కిలోమీటర్ల ఎత్తున
ఒక ఏరు పారుతోంది.
ఒడ్డు లేదు, నురగ లేదు, నీళ్ళు తాగే గొడ్డు లేదు.
గల్ఫ్ మీదుగా పడమటి నుంచి తూర్పుకు
గంటకు మూడొందల కిలోమీటర్లు.
దాన్ని అడ్డంగా దాటడానికి కెప్టెన్ కిప్రోనో
ముక్కు ఒక దిక్కు పెట్టి
విమానాన్ని ఇంకో దిక్కు నడిపిస్తున్నాడు.
ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది నేనూ అట్లాగే నడిచాను.
కింద సముద్రంలో నూనె బావుల మంటలు
అగ్గిపుల్లలంత.

స్క్రీన్ మీద నీటి ఆవిరి గీత
కుండకు చిల్లు పడ్డట్టు దిగిపోయింది.
ఓజోన్ లేచింది: వంద, నూట ఎనభై, రెండొందల నలభై.
అంటే వంద కోట్ల గింజల రాశిలో
రెండొందల నలభై గింజలు. అంతే.
వాటి కోసమే ఇంత ఇంధనం, ఇంత మోత.
"పై అంతస్తు గాలి, ఇక్కడిదాకా దిగింది,"
చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టు
గొంతు తగ్గించింది హనీన్. "తిప్పు."

ఆర్మూరు గంజిలో మా సాయవ్వ పెద్దమ్మ వడ్లు కొలిచేది.
ఒకటి అనేది కాదు ఎన్నడూ. లాభం అనేది.
లాభం, రెండు, మూడు...
ఏడులో ఏడుపు ఉందని
ఆరున్నొకటి అని దాటేసేది.
నిండిన కుంచం తల అరచేత్తో కోసేది,
ఒక గింజ అటు పోదు, ఇటు పోదు.

నా నోటా అదే వచ్చింది, హెడ్‌ఫోన్లలో అందరికీ వినపడేట్టు:
లాభం.
గిద్దెడు గాలి, సీసాలో పడింది.
"లాభం అంటే సున్నానా?" అన్నాడు కిప్రోనో.
జవాబిచ్చేలోగా రెండు నిండింది.
మూడు. నాలుగు. ఐదు. ఆరు.
ఆరున్నొకటి.

అప్పుడెగిరింది బొగ్గుపులుసు వాయువు గీత.
నాలుగొందల ఇరవై ఉండాల్సింది
ఐదొందల యాభై.
హనీన్ సీటు అంచుకు జరిగింది.
ఎక్కడో అడవి తగలబడిందా? ఏ ఖండంలో?
ఆమె కళ్ళల్లో అప్పుడే ఒక వ్యాసం మొదలవుతోంది.
మంటయితే మోనాక్సైడ్ కూడా లేవాలి. లేవలేదు.
ఆవిరి లేచింది. ఓజోన్ కుంగింది.
నేను వెనక్కి చెయ్యి చాపి
మూడో కీలు తడిమాను.
సన్నగా ఒక లాగుడు,
దూడ వేలు చీకినంత.

పొద్దున ఆ నట్టు బిగించింది నేనే.
అర చుట్టు తక్కువ.
క్యాబిన్లో ఒత్తిడి ఎక్కువ, గొట్టంలో తక్కువ.
సందు దొరికితే చాలు,
మేమే లోపలికి కారిపోతాం.

చెప్పకుంటే ఏం పోతుంది అనుకునేంత సేపు దొరికింది.
ఆ సేపెంతో కూడా స్క్రీన్ మీద పడింది:
పదిహేడు సెకన్లు.

"మేడం," అన్నాను, "అది మనం."

ఆమె కీలును చూసింది, నన్ను చూసింది.
ఏమీ అనలేదు. పుస్తకంలో ఏడో గడికి అడ్డగీత కొట్టి
పక్కన ఒక్క ముక్క రాసింది.
దుకాణాల బోర్డుల దగ్గర నేర్చుకున్న అక్షరాలు నావి,
కూడబలుక్కున్నాను:
నఫస్. ఊపిరి.
తరవాత స్పానర్ నా చేతికిచ్చింది.

దిగాక ఏడో సీసా ఖాళీ చేసి కడగాలి.
హ్యాంగర్ తలుపు దగ్గర నిలబడి కవాటం తిప్పాను.
ఎవరి ముక్కూ తాకని గాలి అందులో కొంత,
కిప్రోనో కాఫీ, హనీన్ నమిలిన ఏలకి,
రాత్రి నేను తిన్న ఉల్లిగడ్డ కొంత.
వాసనేమీ రాలేదు.
చిన్నగా ఉస్సుమంది,
డీజిల్ పొగలో కలిసింది.

నట్టు మీద తెల్ల పెయింటుతో గుర్తు పెట్టాను,
రేపు కదిలితే తెలుస్తుంది.